పెత్తనం నుంచి హక్కు దాకా: కోయంబత్తూరు, మదురై తెలుగు మహిళల నాయకత్వం

మదురైలో రైలు దిగి బయటికి వస్తే స్టేషన్ ఎదురుగా మంగమ్మాళ్ సత్రం కనిపిస్తుంది. వైగై నదికి ఉత్తరాన ఉన్న గాంధీ స్మారక మ్యూజియం ఒకప్పటి తముక్కం మహలు. అదీ రాణి మంగమ్మ పేరుతో ముడిపడ్డ కట్టడమే. దక్షిణ జిల్లాల్లో పాత చెట్ల బాటలను జనం ఇప్పటికీ మంగమ్మాళ్ సాలై అంటారు. మూడు వందల ఏళ్ల కిందటి తెలుగు రాణి పేరు ఇంత గట్టిగా నిలిచిన నేల మీద, ఈనాటి తెలుగు ఇళ్లలో ఎందరు ఆడవాళ్లకు సొంత పేరున భూమి ఉంది? ఎందరు తాము నడిపే సంస్థలో సొంత వాటాతో కూర్చుంటున్నారు? మొదటి సంగతిని పండుగలా చెప్పుకుంటాం. రెండో సంగతి అడగడానికి మొహమాటపడతాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఇక్కడి తెలుగువాళ్లు ఒక్క కులం కాదు, ఒక్క కాలంలో వచ్చినవాళ్లూ కాదు. విజయనగర దండయాత్రలతో మొదలైన వలస, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో కుదురుకున్నాక ఊపందుకుంది. సైన్యాల వెంట, పాలెగాళ్ల వెంట రైతులు, నేతగాళ్లు, పశువుల మందలు తోలుకునేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు కదిలారు. కమ్మ నాయుళ్లు, బలిజలు, రాజకంబళ నాయకర్లు, రెడ్లు, దేవాంగులు, తెలుగు బ్రాహ్మణులు, అరుంధతీయులు ఇలా చేరినవాళ్లే. నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు, తర్వాత ఆ పత్తితోనే కోయంబత్తూరులో మిల్లులు నిలబెట్టారు. చాలా ఇళ్లలో లిపి పోయింది, మాట మిగిలింది. బడిలో తమిళం, వంటింట్లో తెలుగు.

ఈ చరిత్రను మొదటినుంచీ చూస్తే నాకు బలంగా తోచేది ఒకటే. ఈ సమాజంలో ఆడవాళ్లకు పెత్తనం తరచుగానే దక్కింది. దక్కనిది హక్కు. మనవడి తరఫున, పోయిన భర్తకు బదులుగా, అన్నకు తోడుగా, ధర్మసంస్థ పేరు మీద వాళ్లు గొప్పగా నడిపించారు. తన పేరున, తన వాటాతో, తన ఓటుతో నడిపించే అవకాశం మాత్రం చాలా ఆలస్యంగా, చాలా కొద్దిమందికే వచ్చింది.

సింహాసనం దగ్గర

మదురై తెలుగు చరిత్రలో తొలి అధ్యాయానికి సాక్షి ఒక కవయిత్రి. 14వ శతాబ్దంలో విజయనగర యువరాజు కుమార కంపనుడు మదురై సుల్తానుల మీదికి వెళ్లిన దండయాత్రను అతని భార్య గంగాదేవి 'మధురా విజయం' అనే సంస్కృత కావ్యంగా రాసింది. కావ్యం మొదట్లో పూర్వకవులను తలచుకుంటూ తిక్కనను కూడా కీర్తించింది. ఆమెకు తెలుగునేలతో ఉన్న సంబంధానికి పరిశోధకులు చూపే ఆధారాల్లో అదొకటి. 1916లో తిరువనంతపురంలో ఆ కావ్యం తాళపత్రాలు బయటపడేదాకా ఆమె పేరు పండితులకే సరిగా తెలియదు. రాజు గెలుపు శాసనాలకెక్కింది. ఆ గెలుపును రాసిన మనిషి అయిదు వందల ఏళ్లకు పైగా తాటాకుల మధ్య ఉండిపోయింది.

మంగమ్మ కథ అందరికీ కొంత తెలిసిందే, కానీ తెలిసిన తీరులోనే చిక్కుంది. భర్త, మదురై రాజు చొక్కనాథ నాయకుడు 1682లో పోయాడు. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప 1689లో మశూచితో చనిపోయాడు. నిండు గర్భిణి అయిన కోడలు పురుడైన కొద్దిరోజులకే తన ప్రాణం తానే తీసుకుంది. సహగమనం గొప్పగా చలామణీ అయిన రాజవంశం అది. అక్కడ మంగమ్మ బతికి నిలబడి, పసికందు విజయరంగ చొక్కనాథుడి తరఫున దాదాపు 15 ఏళ్లు రాజ్యం నడిపింది.

నడిపిన తీరు చూడండి. దక్కనులో ఔరంగజేబు సేనలు ఉన్నంతకాలం కప్పం కట్టి రాజ్యాన్ని కాపాడుకుంది. బాకీలు ఎగ్గొట్టిన తిరువాన్కూరు మీదికి దళవాయి నరసప్పయ్యను పంపింది. తంజావూరుతో యుద్ధం చేసింది. తర్వాత మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేసినప్పుడు, రైతుల నీటి కోసం అదే తంజావూరుతో చేయి కలిపింది. రామనాథపురం సేతుపతి చేతిలో ఓడింది కూడా. క్రైస్తవ మతబోధకులకు రక్షణ ఇచ్చింది, తిరుచిరాపల్లి దర్గాకు భూమి ఇచ్చింది. మదురై పట్టునేతగాళ్లయిన సౌరాష్ట్రులు జంధ్యం మార్చుకునే ఉపాకర్మ చేసుకోరాదని అధికారులు పట్టి బంధిస్తే, పండితులను పిలిపించి విచారణ జరిపి వాళ్ల పక్షాన తీర్పు రాయించింది.

ఇంత చేసిన మనిషి గురించి ప్రచారంలో ఉన్న కథ ఏమిటి? ఒకనాడు పరధ్యాసలో ఎడమచేత్తో తాంబూలం తీసుకుందట, ఆ దోషం పోగొట్టుకోవడానికి బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందట. మంత్రి అచ్చయ్యతో ఆమెకు సంబంధం అంటగట్టిన పుకారు ఇంకోటి. చివరికి మనవడే ఆమెను బంధించి ఆకలితో చంపాడన్న కథ మరోటి. వీటిలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పండితులు తేల్చవలసిన సంగతి. నాకు ముఖ్యమనిపించేది కథ అల్లిన తీరు. రాజు సత్రం కడితే అది ధర్మం, పరిపాలన. రాణి కడితే అది పాపపరిహారం. ప్రజల అవసరం కనిపెట్టి ఖజానా డబ్బు ఖర్చు చేయడం ఆడమనిషి బుద్ధికి అందే పనే అని ఒప్పుకోవడానికి ఆ కథ చెప్పినవాళ్లకు మనసు రాలేదు.

మీనాక్షి రాణి కథ ఇంకా విషాదం. భర్త విజయరంగుడు సంతానం లేకుండా పోయాక 1730ల్లో ఆమె తిరుచిరాపల్లి నుంచి పాలించింది. రాజబంధువు బంగారు తిరుమలుడి కొడుకును దత్తత తీసుకున్నా, ఆ తిరుమలుడే సింహాసనానికి పోటీకి దిగాడు. సాయం చేస్తానని ప్రమాణం చేసిన ఆర్కాటు నవాబు అల్లుడు చందాసాహెబు రాజ్యాన్ని కబళించాడు, ఆమె విషం తాగి చనిపోయింది. మదురై నాయకుల పాలన ఆమెతోనే ముగిసింది. ఇద్దరు రాణులకూ సింహాసనం మీద ఉన్నది సంరక్షకురాలి హోదా. సొంత హక్కు లేని పెత్తనానికి పునాది ఎంత పలచనో మీనాక్షి చివరి రోజులు చూపిస్తాయి.

వలస కథ మోసినవాళ్లు

రాజ్యం పోయాక జ్ఞాపకం మిగిలింది. దాన్ని మోసింది ఆడవాళ్లు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన 'గోపల్ల గ్రామం' నవలలో వలస కథ మొత్తం మంగత్తాయారు అనే పండు ముదుసలి నోట వినిపిస్తుంది. చెన్నాదేవి అనే అందగత్తె మీద ఒక పాలకుడి కన్ను పడటం, ఆమెను కాపాడుకోవడానికి బంధువర్గమంతా రాత్రికి రాత్రి దక్షిణానికి నడవడం, దారిలో అడవి నరికి ఊరు కట్టుకోవడం అందులో ఉన్నాయి. దీని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఈ తరహా వలస కథ కులాల పేర్లు మార్చుకుని ఎన్నో తెలుగు ఇళ్లలో వినిపిస్తుంది. అందులో ఆడపిల్ల రెండు చోట్ల ఉంటుంది. కథకు కారణం ఆమె, కథ చెప్పేదీ ఆమె. నిర్ణయం తీసుకునే చోట మాత్రం కులపెద్దలే. రాజకంబళ నాయకర్ల ఇలవేల్పు జక్కమ్మ ఆడదేవత. ఆమె పేరున కొలువుదీరే పెద్దమనుషులు మగవాళ్లు. భాష సంగతీ అంతే. బడి, పత్రిక, ప్రభుత్వం ఏవీ తోడు లేకుండా తెలుగు ఇక్కడ ఇన్ని తరాలు బతికిందంటే తల్లులు, అమ్మమ్మలు పిల్లలతో మాట్లాడబట్టే. సంఘాల సభల్లో భాషాసేవకు శాలువాలు కప్పేటప్పుడు ఆ ఆడవాళ్లను పిలిచి వేదిక మీద కూర్చోబెట్టిన సందర్భాలు అరుదు.

మిల్లులు, కాలేజీలు, వాటాలు

20వ శతాబ్దపు కోయంబత్తూరు నాయుళ్ల ఊరిగా ఎదిగింది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు పెట్టారు. పీలమేడు పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని ధర్మానికి రాసిచ్చారు. పి.ఎస్.జి. విద్యాసంస్థలన్నీ ఆ ధర్మసంస్థ నీడలో పెరిగినవే. తెలుగువాళ్లంతా గర్వపడదగ్గ త్యాగం అది. గర్వపడుతూనే ఒకటి గమనించాలి. నాలుగు భాగాలు నలుగురు మగబిడ్డలవి. ధర్మానికి ఒక వాటా పెట్టాలన్న ఆలోచన వచ్చిన కాలంలోనూ, ఇంటి ఆడపిల్లలకు వాటా అన్న ఊహకు హిందూ చట్టంలో చోటు లేదు.

అందుకే ఆ ఇళ్ల ఆడవాళ్ల శక్తి విద్యాదానం వైపు ప్రవహించింది. మదురైలో 1948లో లేడీ డోక్ కాలేజీ, 1953లో ఫాతిమా కాలేజీ, కోయంబత్తూరులో 1948లో నిర్మలా కాలేజీ క్రైస్తవ సంస్థల చలవతో వచ్చాయి. తెలుగు ఇళ్ల వైపు నుంచి 1963లో జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతులు పీలమేడులో పి.ఎస్.జి.ఆర్. కృష్ణమ్మాళ్ మహిళా కళాశాల నెలకొల్పారు. ఆడపిల్లను వేరే ఊరు పంపి చదివించడానికి ఇష్టపడని రైతు కుటుంబాలకు ఆ కాలేజీ తలుపు తెరిచింది. డిగ్రీ చేతికొచ్చిన మొదటి తరం ఆడవాళ్లలో చాలామంది ఇలాంటి కాలేజీల నుంచి వచ్చినవాళ్లే.

వ్యాపారంలోకి వచ్చినవాళ్లలో చెప్పుకోవలసిన పేరు రాజశ్రీ పతి. తండ్రి జి. వరదరాజ్ మరణం తర్వాత రాజశ్రీ షుగర్స్ పగ్గాలు పట్టి, వైగై ఆనకట్ట దగ్గర మొదలైన చక్కెర వ్యాపారాన్ని పెంచారు. 2013లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె సామర్థ్యం గురించి రెండో మాట లేదు. కానీ మిల్లు కుటుంబాల్లో అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఎందుకున్నాయో తెలియాలంటే చట్టం చరిత్ర చూడాలి.

1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి భాగమిచ్చింది, ఉమ్మడి ఆస్తిలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. తమిళనాడు 1989 మార్చి 25 నుంచి ఇచ్చింది, అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. 2005లో కేంద్రం ఆ తేడా తీసేసింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇది పుట్టుకతో వచ్చే హక్కేనని తేల్చి చెప్పింది. ఒక్క మినహాయింపు మిగిలింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతి ప్రకారం జరిగిపోయిన పంపకాలను తిరగదోడకూడదు. కోయంబత్తూరులో మొదటి తరం మిల్లుల ఆస్తి పంపకాలు జరిగింది అంతకు చాలా ముందు. చట్టం వచ్చేసరికి పంచవలసింది పంచేశారు. కూతురికి బంగారం, కట్నం, ఘనమైన పెళ్లి. కొడుకుకు మగ్గాలు, కదుళ్లు, షేర్లు. నేటి బోర్డు గదుల్లో కుర్చీలు ఎవరివో నిర్ణయించింది ఆ పాత పంపకాలే.

ఈరోడ్ నుంచి వచ్చిన గొంతు

ఈ అన్యాయాన్ని ముందుగా వేలెత్తి చూపిన గొంతు అప్పటి కోయంబత్తూరు జిల్లాలోని ఈరోడ్ నుంచే వచ్చింది. పెరియార్ రామస్వామిది బలిజ నాయకర్ల కుటుంబం. 1921లో కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేయడానికి ఆయన భార్య నాగమ్మై, చెల్లెలు కన్నమ్మాళ్ వీధిలోకి వచ్చారు. పరువుగల ఇంటి ఆడవాళ్లు కల్లంగడి ముందు నిలబడటం ఆ రోజుల్లో ఊహకందని పని. 1924లో వైకోం సత్యాగ్రహంలోనూ నాగమ్మై ముందు నిలిచింది. 1929లో పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం చెంగల్పట్టులో జరిపిన మహాసభ ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఆస్తి హక్కు కావాలని తీర్మానించింది. ఆ తీర్మానానికి, తమిళనాడు చట్టానికి మధ్య సరిగ్గా 60 ఏళ్లు గడిచాయి. మూడు తరాల కూతుళ్లు ఆ మధ్యకాలంలో పుట్టింటి ఆస్తిలో వాటా లేకుండానే పెళ్లిపల్లకీ ఎక్కారు.

అరవింద్ చూపిన దారి

మదురై తెలుగువాళ్లు ప్రపంచానికిచ్చిన గొప్ప సంస్థ అరవింద్ కంటి ఆసుపత్రి. వడమలాపురం రైతుబిడ్డ డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 11 పడకలతో దీన్ని మొదలుపెట్టారు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన చెల్లెలు డాక్టర్ జి. నాచ్చియార్ చేసింది తెలుసుకోవలసినంతగా మనవాళ్లకు తెలియదు. కంటి సర్జన్‌గా మొదటి రోజు నుంచీ ఆమె ఆపరేషన్ గదిలో ఉన్నారు. అంతకంటే పెద్ద పని, పల్లెటూళ్లలో పన్నెండో తరగతి దాటిన ఆడపిల్లలను ఎంచి, రెండేళ్లు శిక్షణ ఇచ్చి, కంటి వైద్య సహాయకులుగా తీర్చిదిద్దే పద్ధతిని నిలబెట్టడం. 2024లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఆ పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. చూపు కొలవడం, కంటి లోపలి ఒత్తిడి చూడటం, రోగిని ఆపరేషన్‌కు సిద్ధం చేయడం, పరికరాలు అందించడం, తర్వాత జాగ్రత్తలు చెప్పడం, ఇవన్నీ ఈ అమ్మాయిల చేతుల మీదే నడుస్తాయి. సర్జన్ శస్త్రచికిత్స ఒక్కటే చూసుకుంటాడు. అందుకే అక్కడ ఒక సర్జన్ ఏడాదికి చేసే శుక్లాల ఆపరేషన్లు దేశ సగటుకు ఎన్నో రెట్లు. డబ్బు ఇచ్చుకోలేనివాళ్లకు ఉచితంగా చూపు తెప్పించడం సాధ్యమైంది. ఆసుపత్రి సిబ్బందిలో సగానికి పైగా వీళ్లే. 1997లో కోయంబత్తూరులో అరవింద్ తెరిచినప్పుడు ఆ పద్ధతీ అక్కడికి చేరింది.

ఈ సమీక్షలో నాకు ఎక్కువ ఆశ కలిగించే ఉదాహరణ ఇదే. ఇక్కడ పల్లె అమ్మాయి ఎవరికో బదులుగా నిలబడలేదు. తన నైపుణ్యంతో, తన జీతంతో నిలబడింది. కోరవలసింది ఇంకొకటి ఉంది. ఆ సహాయకురాలి కూతురు రేపు అదే ఆసుపత్రిలో సర్జన్ కాగలిగే చదువు, ఆర్థిక సాయం ఇంటింటికీ అందాలి. అప్పుడు నాచ్చియార్ వేసిన దారి పూర్తవుతుంది.

తెలుగు మాట్లాడే దళిత మహిళలు

తమిళనాట తెలుగు గొప్పతనం చెప్పుకునే సభల్లో అరుంధతీయుల పేరు రాకపోవడం మన పెద్ద లోపం. కోయంబత్తూరు, ఈరోడ్, మదురై ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే దళితులు వీళ్లు. నగరాల పారిశుద్ధ్య పని భారం తరతరాలుగా వీళ్ల భుజాల మీదే పడింది. తెల్లవారకముందే వీధులూడ్చే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. 2018లో తిరుప్పూరు జిల్లాలో ఒక ప్రభుత్వ బడిలో అరుంధతీయ మహిళ వంట చేయకూడదని పై కులాలవాళ్లు అడ్డుకున్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు, ఫిర్యాదు చేసింది. నాయకత్వానికి పదవి అక్కర్లేదనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

2009లో తమిళనాడు షెడ్యూల్డ్ కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం లోపలి వాటా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మాదిగలు 1994 నుంచి దండోరా వేసి పోరాడింది దీనికోసమే. ఆ వాటాతో ఇంజనీరింగ్, వైద్య కళాశాలల మెట్లెక్కుతున్న అరుంధతీయ అమ్మాయిలు తమ ఇళ్లలో మొదటి తరం.

మిల్లుల్లోనూ ఇదే వర్గం ఆడపిల్లల కథ చూడాలి. రాత్రి పాళీల్లో ఆడవాళ్లను పెట్టరాదన్న పాత నిబంధనతో ఒకప్పుడు స్పిన్నింగ్ మిల్లుల్లో వాళ్ల సంఖ్య తగ్గింది. తర్వాత పేద ఇళ్ల అమ్మాయిలను హాస్టళ్లలో ఉంచి, మూడేళ్ల తర్వాత ఒకేసారి పెళ్లిఖర్చుకు డబ్బు ఇస్తామనే 'సుమంగళి' పద్ధతి కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ మిల్లుల్లో పాకింది. బయటికి వెళ్లే స్వేచ్ఛ లేదు, మధ్యలో మానేస్తే డబ్బు అందదు. కట్నం కోసం యవ్వనం తాకట్టు పెట్టే ఈ ఏర్పాటును పరిశోధకులు, కార్మిక సంఘాలు ఎండగట్టాక చాలా మిల్లులు పేరు మార్చాయి. పద్ధతి పూర్తిగా పోయే దాకా దానిమీద మాట్లాడుతూనే ఉండాలి. మిల్లు యజమానులు మనవాళ్లయినప్పుడు మనమే ముందు మాట్లాడాలి.

ఫిలిప్పీన్స్ పక్కన పెట్టి చూస్తే

పెత్తనానికీ హక్కుకూ మధ్య ఉన్న చిక్కును ఇంకో దేశం అనుభవం తేటపరుస్తుంది. మహిళా సమానత్వంలో ఆసియాలో ముందున్న దేశంగా ఫిలిప్పీన్స్‌ను చెప్పుకుంటారు. 1937 ఏప్రిల్ 30న అక్కడి ఆడవాళ్లు తమకు ఓటు కావాలా అన్న ప్రశ్నపై తామే ఓటు వేశారు. 3 లక్షల మంది అవునంటే సరిపోయేది, 4 లక్షల 47 వేల మందికి పైగా అవునన్నారు. 2009లో మహిళల హక్కుల మహాశాసనం తెచ్చుకున్నారు. ఇద్దరు మహిళలు దేశాధ్యక్షులయ్యారు. అయితే 1986లో వచ్చిన కొరజాన్ అకీనో హత్యకు గురైన నాయకుడి భార్య. 2001లో వచ్చిన గ్లోరియా మకపగాల్ అరోయో మాజీ అధ్యక్షుడి కూతురు. పైస్థాయిలో అక్కడా కుటుంబం తలుపే తెరుచుకుంది. ఇప్పటికీ అక్కడ ముస్లిమేతరులకు విడాకుల చట్టం లేదు.

అయినా కింది స్థాయిలో ఒక పెద్ద తేడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో బంధుత్వం తల్లివైపు, తండ్రివైపు సమానంగా లెక్కించే ఆచారం పాతది, ఆస్తి కూతుళ్లకూ కొడుకులకూ పంచే అలవాటు ఉంది. టీచర్లుగా, అధికారులుగా, వ్యాపారులుగా ఆడవాళ్లు అంత విరివిగా కనిపించడానికి అదొక కారణం. మన వలస సమాజంలో రాణులున్నారు గానీ ఆ అలవాటు లేదు.

ఇక చేయవలసింది

తమిళనాడు 2016లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది. 2022లో కోయంబత్తూరు కార్పొరేషన్‌కు తొలిసారి మహిళ మేయర్ అయింది. వందేసి వార్డులున్న కోయంబత్తూరు, మదురై కార్పొరేషన్లలో సగం మంది సభ్యులు మహిళలు. వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. భర్త వచ్చి కుర్చీ పక్కన కూర్చుని ఫైళ్లు చూసే అలవాటు ఇంకా పోలేదు. అయినా ఇది సంరక్షకురాలి హోదా కాదు. జనం ఓటుతో, చట్టం బలంతో, తన పేరున వచ్చిన పదవి. మూడు వందల ఏళ్లలో మొదటిసారి ఇంతమంది ఆడవాళ్లకు ఎవరికో బదులుగా కాకుండా అధికారం దక్కింది.

దీన్ని నిలుపుకోవాలంటే చేయవలసిన పనులు మన చేతుల్లోనే ఉన్నాయి. ఆస్తి పంచేటప్పుడు కూతురి వాటాను మాటవరసకు వదిలేయకుండా కాగితం మీద రాయాలి, పెళ్లి ఖర్చుతో సరిపెట్టామన్న సాకు మానాలి. ధర్మసంస్థల్లో, తెలుగు సంఘాల్లో పాలకవర్గం సగం ఆడవాళ్లతో నిండాలి. మిల్లు అమ్మాయికి జీతం నెలనెలా ఆమె ఖాతాలో పడాలి. వీధులూడ్చే అరుంధతీయ మహిళకు కాంట్రాక్టు బదులు కొలువు భద్రత, ఆమె కూతురికి చదువు అందాలి. మన చరిత్ర రాసేటప్పుడు రాణులతో పాటు ఈ ఆడవాళ్ల పేర్లూ రాయాలి. పెత్తనం ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలరు. చట్టంలో, ఆస్తిలో, జీతంలో, ఓటులో పాతుకున్న హక్కును ఎవరూ అంత తేలిగ్గా లాక్కోలేరు. మన ఆడపిల్లలకు ఇవ్వవలసింది ఆ రెండోదే.